కారణం రాయని ఆర్డర్: లాయర్‌గా మొదటి ఉద్యోగం రాకపోతే ఏం చేయాలి

మెయిల్‌లో మూడు వాక్యాలే ఉంటాయి. దరఖాస్తు చేసినందుకు ధన్యవాదాలు, చాలామంది మంచి అభ్యర్థులు వచ్చారు కాబట్టి ఈసారి మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం, మీకు అంతా మంచి జరగాలి. అంతే. చదివిన మనిషి మాత్రం ఆ రాత్రి నిద్రపోకుండా తన మీద తనే ముప్పై పేజీల తీర్పు రాసుకుంటాడు: నా మార్కులు చాలలేదు, నా కాలేజీకి పేరు లేదు, ఇంటర్వ్యూలో ఆ రెండో ప్రశ్నకి తడబడ్డాను, అసలు నేను ఈ వృత్తికే పనికిరాను, ఇన్నేళ్లు చదివి ఇంట్లోవాళ్ల డబ్బు తగలేశాను. లా చదివినవాళ్లకి ఇది మరీ కష్టం. ఏ కాగితం చేతికిచ్చినా దాంట్లో లొసుగు ఎక్కడుందో వెతకడం మనకు నేర్పిన మొదటి పని, ఉద్యోగం రాని రోజుల్లో ఆ చూపు మన మీదకే తిరుగుతుంది.

కారణాలు రాయకుండా ఫలితం ఒక్కటే చెప్పే ఉత్తర్వును కోర్టు భాషలో నాన్ స్పీకింగ్ ఆర్డర్ అంటాం. పిటిషన్ కొట్టేశాం అని ఉంటుంది, ఎందుకో ఉండదు. అలాంటి ఆర్డర్ పట్టుకెళ్లి ఇందులో ఫలానా సూత్రం ఉంది అని వాదిస్తే ఏ కోర్టూ ఒప్పుకోదు. ఉద్యోగం ఇవ్వలేమన్న మెయిల్ కూడా సరిగ్గా అలాంటిదే. దాంట్లో లేని కారణాలు మీరు పూరించకండి. నిజంగా కారణం కావాలంటే సాక్ష్యం పోగు చేయాలి. అది ఎలాగో, ఈలోపు కుంగిపోకుండా ఎలా నిలబడాలో నాకు తెలిసినంత చెప్తాను.

నా సంగతి ఒకటి. చదువు అయిపోయే ముందు ఒకచోట చాలా నెలలు ఇంటర్న్‌గా చేశాను. డ్రాఫ్ట్ ఇచ్చినప్పుడల్లా బాగుందనేవాళ్లు, నువ్వు ఇక్కడే ఉంటావులే అనేవాళ్లు, నేనూ అలాగే అనుకున్నాను. చివర్లో ఆఫర్ రాలేదు, కారణం చెప్పలేదు. నా డ్రాఫ్టింగ్ బాగాలేదని, మొహమాటానికి మెచ్చుకున్నారని నిర్ధారణకు వచ్చేసి తర్వాత ఆరు నెలలు ఎక్కడ రైటింగ్ శాంపిల్ అడిగినా పంపడానికి భయపడ్డాను, కొన్ని చోట్ల ఆ భయంతోనే దరఖాస్తు కూడా చేయలేదు. చాలా కాలం తర్వాత అక్కడ పనిచేసిన ఒకావిడ మాటల్లో చెప్పింది: ఆ ఏడాది ఆ టీమ్‌కి పని తగ్గింది, ఒక్కరినీ తీసుకోలేదు. నా డ్రాఫ్ట్ గురించి ఎవరూ చర్చించనేలేదు. అసలు లేనే లేని కారణానికి ఆరు నెలలు నన్ను నేను శిక్షించుకున్నాను. అందుకే దీని గురించి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మెయిల్ వచ్చిన రోజు

ఆ రోజు మీరు చేయాల్సినవాటికంటే చేయకూడనివే ఎక్కువ. ఆ రాత్రే జవాబు రాయకండి. ఎవరి మీదా పబ్లిక్‌గా పోస్టు పెట్టకండి, ఈ వృత్తి పైకి కనిపించేదానికంటే చాలా చిన్నది, ఈ రోజు అవతల కూర్చున్న మనిషి రేపు మీ ఎదుటి పక్షం లాయర్ కావచ్చు, ఎల్లుండి మీ కేసు వినే జడ్జి కావచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, కసి కొద్దీ ఆ రాత్రే పది చోట్లకి దరఖాస్తులు పంపకండి. నేను పంపాను. ఒక ఫర్మ్‌కి రాసిన కవర్ లెటర్‌లో ఇంకో ఫర్మ్ పేరు వెళ్లిపోయింది, పొద్దున చూసుకున్నప్పుడు కడుపులో తిప్పినట్టయింది.

బాధపడటానికి సమయం ఇవ్వండి. పేపర్ దశలోనే పోయిన దరఖాస్తయితే ఒక సాయంత్రం చాలేమో, మూడు రౌండ్లు దాటి చివర్లో పోయిందంటే నాలుగైదు రోజులు పడుతుంది, అది బలహీనత కాదు. ఎవరో ఒకరికి నోరు తెరిచి చెప్పండి. మీకు సలహాలిచ్చే మనిషి ఆ రోజు అక్కర్లేదు, వినే మనిషి చాలు.

ఇంటర్వ్యూ దాకా వెళ్లి పోయిన చోటైతే, రెండు మూడు రోజుల తర్వాత తల చల్లబడ్డాక చిన్న జవాబు రాయండి. ఇలా ఉంటే చాలు: "మీ నిర్ణయం తెలియజేసినందుకు, ఇంటర్వ్యూకి సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. నా జవాబుల్లో గానీ దరఖాస్తులో గానీ నేను సరిచేసుకోవాల్సింది ఒక్కటి చెప్పగలిగితే నాకు చాలా ఉపయోగపడుతుంది, ఒక్క వాక్యమైనా సరే. మళ్లీ ఖాళీలు వచ్చినప్పుడు దరఖాస్తు చేసుకోవాలని ఉంది." ఎందుకు తీసుకోలేదు అని అడగొద్దు. ఆ ప్రశ్న అడిగితే అవతలివాళ్లని సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది, పైగా లాయర్ల ఆఫీసు కదా, రాతలో కారణం చెప్పడానికి ఇంకా జంకుతారు. ఏం సరిచేసుకోవాలి అంటే సలహా అడిగినట్టు ఉంటుంది, సలహా ఇవ్వడం చాలామందికి ఇష్టం. ఎక్కువమంది జవాబివ్వరు. అయినా రాయండి, ఎవరో ఒకరు ఫోన్‌లో రెండు నిమిషాలు నిజం చెప్తే అది మీ చేతికొచ్చిన మొదటి సాక్ష్యం. ఎవరైనా అలా చెప్తే మాత్రం వాదించకండి, వివరణ ఇవ్వకండి, రాసుకుని థాంక్స్ చెప్పండి.

ఎక్కడ ఆగిపోతోందో చూడండి

ఒక నోట్‌బుక్ గానీ షీట్ గానీ పెట్టుకోండి. తేదీ, ఎక్కడ, ఏ పని, ఎలా తెలిసింది, ఎవరైనా మీ పేరు చెప్పారా, ఏ సీవీ పంపారు, ఎంతవరకు వెళ్లింది, ఏమన్నారు. అంతే. ఒక్క తిరస్కరణ నుంచి ఏమీ తెలియదు, పదిహేను ఇరవై చేరాక మాత్రం కనపడుతుంది.

ఎక్కడి నుంచీ ఇంటర్వ్యూ పిలుపే రాకపోతే మీ తెలివి గురించి ఎవరూ ఏమీ అనలేదన్నమాట, మిమ్మల్ని ఎవరూ చూడనే లేదు. కాగితం సరిగా లేదు, లేకపోతే కాగితం వెళ్లాల్సిన చోటుకి వెళ్లడం లేదు. మొదటి ఇంటర్వ్యూ అయ్యాక ప్రతిసారీ ఆగిపోతుంటే జవాబులు చెప్పే తీరు మీద పని చేయాలి. చివరి రౌండ్ దాకా వెళ్లి పోతుంటే, అది భరించడానికి అన్నిటికంటే కష్టం కానీ కబురు మంచిదే: మీరు ఆ పని చేయగలరని వాళ్లు ఒప్పుకున్నారు, కుర్చీ ఒకటే ఉంది. అప్పుడు సీవీ మార్చేసి, ఇంటర్వ్యూ పద్ధతి మార్చేసి అంతా తిరగతోడొద్దు. బాగున్నదాన్ని పాడుచేసుకునేది ఇక్కడే. మీరు చేయాల్సింది ఇలాంటి చివరి రౌండ్లు ఇంకొన్ని వచ్చేలా చూసుకోవడం.

ఇంకో గడి కూడా చూడండి: ఎవరైనా మీ పేరు చెప్పిన చోట్ల ఏం జరిగింది, ఊరికే వెబ్‌సైట్ ద్వారా పంపిన చోట్ల ఏం జరిగింది. చాలామంది షీట్లలో ఈ రెండిటి మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీని గురించి కింద ఇంకా చెప్తాను.

కాగితం

లా ఉద్యోగానికి మీ దరఖాస్తు ఒక పని నమూనా కూడా. వేరే రంగంలో స్పెల్లింగ్ తప్పుని చూసీ చూడనట్టు వదిలేస్తారేమో గానీ, ఇక్కడ ఒక కామా వల్ల కాంట్రాక్టు అర్థం మారిపోతుందని తెలిసినవాళ్లు చదువుతారు. ఫర్మ్ పేరు, చదివే మనిషి పేరు, హోదా మూడూ రెండుసార్లు సరిచూడండి. కాగితం మీద ప్రింట్ తీసి గట్టిగా చదవండి, స్క్రీన్ మీద దొరకని తప్పులు దొరుకుతాయి. ఒకరి చేత చదివించండి.

సీవీలో "రీసెర్చ్‌లో సహకరించాను, డ్రాఫ్టింగ్‌లో సహాయం చేశాను" అని అందరూ రాస్తారు, దాంతో మీ గురించి ఏమీ తెలియదు. ఏ తరహా వివాదం, ఏ కాగితం, దాంట్లో మీ వంతు ఏది, అది రాయండి. "అద్దె ఒప్పందం రద్దు వివాదంలో నోటీసుకి జవాబు మొదటి డ్రాఫ్ట్ రాశాను, లిమిటేషన్ మీద పన్నెండు తీర్పులు చదివి రెండు పేజీల నోట్ ఇచ్చాను" అంటే చదివేవాళ్లకి ఒక బొమ్మ కనపడుతుంది. కానీ క్లయింట్ పేరు రాయకండి, వాళ్లెవరో ఊహించగలిగే వివరం కూడా వద్దు. ఇంటర్న్‌షిప్‌లో చూసిన ఫైలు రహస్యం మీరు ఉద్యోగం వెతుక్కునేటప్పుడు కూడా రహస్యమే. రైటింగ్ శాంపిల్‌గా ఆఫీసులో రాసినది ఇవ్వాలంటే ముందు అక్కడి సీనియర్‌ని అడగండి, ఒప్పుకుంటే పేర్లు, తేదీలు, మొత్తాలు తీసేసి ఇవ్వండి. ఒప్పుకోకపోతే మీరే సొంతంగా ఒకటి రాసుకోండి, ఎలాగో కింద ఉంది.

కాస్త పెంచి రాస్తే ఏం పోయింది అని ఒక్కోసారి అనిపిస్తుంది, ముఖ్యంగా పదో తిరస్కరణ తర్వాత. వద్దు. చాలా దేశాల్లో లాయర్‌గా నమోదు కావాలంటే నడవడిక కూడా చూస్తారు, చూడని చోట కూడా ఈ వృత్తిలో మన మాట మీద నమ్మకమే మన పెట్టుబడి. మార్కు తక్కువుంటే తక్కువని రాయండి. అడిగితే చెప్పండి, అడగకపోతే దాని గురించి క్షమాపణలాగా ఒక పేరా రాయక్కర్లేదు.

కవర్ లెటర్ ఒక పేజీ దాటొద్దు. ఈ ఆఫీసే ఎందుకు అన్న ప్రశ్నకి మీ జవాబు ఇంకో ఆఫీసు పేరు పెట్టినా సరిపోతుంటే అది జవాబు కాదు, తీసేసి మళ్లీ రాయండి. అందుకే వారానికి ముప్పై దరఖాస్తులు పంపే పద్ధతి నాకు నచ్చదు. ఐదు పంపండి, ఐదూ మీ చేత్తో రాసినట్టు ఉండాలి.

ఇంటర్వ్యూ

తెలియని చట్టం గురించి అడుగుతారు. కావాలనే అడుగుతారు. అక్కడ వాళ్లకి సరైన జవాబు కంటే తెలియనప్పుడు మీరు ఏం చేస్తారన్నది ముఖ్యం, ఎందుకంటే తెలియకపోయినా తెలిసినట్టు చెప్పే జూనియర్ ఏ ఆఫీసుకైనా ప్రమాదం. "ఈ సెక్షన్ నాకు గుర్తు లేదు. ముందు చట్టంలోని మాటలు చదువుతాను, నిర్వచనాలు చూస్తాను, సవరణ ఏమైనా వచ్చిందో చూస్తాను, తర్వాత పై కోర్టు తీర్పులు. ప్రస్తుతానికి నాకు అనిపించేది ఇది" అని చెప్పండి. ఇది ఇంట్లో గట్టిగా పలికి అలవాటు చేసుకోవాలి, లేకపోతే టెన్షన్‌లో నోటికి రాదు.

ఈ మధ్య చదివిన తీర్పు ఏంటి అని దాదాపు అందరూ అడుగుతారు. వార్తల్లో సారాంశం చదివి వెళ్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఒక్క తీర్పు చాలు, పూర్తిగా చదవండి, భిన్నాభిప్రాయం ఉంటే అది కూడా. వాస్తవాలు, వివాదాంశం, నిర్ణయం, దానికి కారణం, మీకు ఒప్పుదల కాని చోటు: ఈ వరసలో మూడు నిమిషాల్లో చెప్పగలగాలి.

పాత ఆఫీసులో ఏం పని చేశావు, ఏ క్లయింట్ అని అడిగినప్పుడు పేర్లు చెప్పకండి. "పేర్లు చెప్పలేను, సమస్య ఏంటో చెప్తాను" అంటే చాలు. కొందరు పరీక్షించడానికే అడుగుతారు, కొందరు ఊరికే అడుగుతారు, ఎలా అడిగినా జవాబు అదే.

మధ్యలో ఖాళీ ఎందుకు వచ్చింది అంటే రెండు వాక్యాలు. దరఖాస్తులు చేశాను, రాలేదు, ఈలోగా ఇది చేశాను. ఆ "ఇది" ఏంటో చూపించగలిగితే ఆ ప్రశ్న అక్కడితో ముగిసిపోతుంది.

ముగ్గురి సంగతి

సాండ్రా డే ఓకానర్ 1952లో స్టాన్‌ఫర్డ్ లా స్కూల్ నుంచి తన బ్యాచ్‌లో అగ్రశ్రేణిలో బయటికొచ్చారు. ప్రైవేటు ఫర్మ్‌లు ఆడవాళ్లని లాయర్లుగా తీసుకోమన్నాయి, ఒకచోట లీగల్ సెక్రెటరీ పని ఇస్తామన్నారు. ఆవిడ శాన్ మాటియో కౌంటీ అటార్నీ (అక్కడి ప్రభుత్వ న్యాయవాది) ఆఫీసుకి వెళ్లి మొదట్లో జీతం లేకుండానే పని మొదలుపెట్టారు. 1981లో అమెరికా సుప్రీంకోర్టులో మొదటి మహిళా జడ్జి అయ్యారు. రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 1959లో కొలంబియా లా స్కూల్ నుంచి మొదటి స్థానం పంచుకుని బయటికొచ్చారు, అయినా న్యూయార్క్ ఫర్మ్‌లు ఉద్యోగం ఇవ్వలేదు. సుప్రీంకోర్టు జడ్జి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఆమె ఆడమనిషి కాబట్టే లా క్లర్కుగా, అంటే జడ్జికి రీసెర్చ్‌లో సాయపడే జూనియర్‌గా, తీసుకోలేదు. చివరికి జెరాల్డ్ గుంథర్ అనే ప్రొఫెసర్ పట్టుబట్టి, ఆమె పని నచ్చకపోతే ఇంకొకరిని పంపుతానని మాటిచ్చి ఎడ్మండ్ పాల్మియరీ అనే జిల్లా జడ్జి దగ్గర చేర్పించారు. 1993లో ఆవిడ కూడా సుప్రీంకోర్టుకి వెళ్లారు.

చూశారా, చివరికి అందరూ గెలుస్తారు అని చెప్పడానికి ఈ కథలు నేను వాడను. అందరూ సుప్రీంకోర్టుకి వెళ్లరు. నేను చూసేది వేరే: వాళ్లని వద్దన్న కారణానికీ వాళ్ల సామర్థ్యానికీ ఏ సంబంధమూ లేదు, ఆ కాలపు వివక్షే కారణం. ఈ రోజు కూడా కొందరికి ఆ తలుపు వేరే వేరే వివక్షల వల్లే మూసుకుంటుంది, అలాంటప్పుడు నువ్వు సీవీ సరిచేసుకో అని చెప్పడం అన్యాయం, ఆ తప్పు మీది కాదు. ఇంకో విషయం, గిన్స్‌బర్గ్‌కి తలుపు తీసింది దరఖాస్తు కాదు, ఆమె పని దగ్గరుండి చూసిన ఒక గురువు.

గాంధీ 1891లో బారిస్టర్ అయి తిరిగొచ్చాక బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, కళ్లు తిరిగి, ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయారు. ఫీజు వెనక్కిచ్చేశారు. తర్వాత ఒక స్కూల్లో ఇంగ్లిష్ టీచర్ పనికి దరఖాస్తు చేస్తే డిగ్రీ లేదని వద్దన్నారు. రాజ్‌కోట్ వెళ్లి అర్జీలు, వినతిపత్రాలు రాసే పని చేసుకున్నారు. 1893లో దక్షిణాఫ్రికాలో ఒక వ్యాపారి దావాలో పని దొరికింది, అది అంతా లెక్కల వివాదం, ఆయనకి అకౌంట్స్ రావు. పుస్తకం కొనుక్కుని బుక్ కీపింగ్ నేర్చుకున్నారు. నాకు ఆ కోర్టులో వణికిన దృశ్యం కంటే ఈ బుక్ కీపింగ్ సంగతే ఎక్కువ గుర్తుంటుంది, ఎందుకంటే అది మనం రేపు పొద్దునే చేయగలిగిన పని.

ఖాళీ నెలల్లో

ఉద్యోగం లేకపోయినా చేయి ఆగిపోకూడదు. ప్రచురితమైన ఒక తీర్పు తీసుకోండి, వాస్తవాల భాగం మాత్రమే చదివి పక్కన పెట్టండి. ఆ వాస్తవాల మీద వాది తరఫున దావా రాయండి, రెండు రోజుల తర్వాత ప్రతివాది తరఫున జవాబు రాయండి. అప్పుడు తీర్పు మిగతా భాగం తెరిచి అసలు లాయర్లు లేవనెత్తిన అంశాల్లో మీరు ఏవి వదిలేశారో చూసుకోండి. వారానికి ఒక తీర్పు చొప్పున చేస్తే మూడు నెలల్లో మీ చేతిలో పన్నెండు జతల డ్రాఫ్టులు ఉంటాయి, వాటిలో మంచి రెండు మీ రైటింగ్ శాంపిల్స్. రహస్యం బయటపడుతుందన్న భయం లేదు.

కోర్టు విచారణలు చాలా చోట్ల బహిరంగంగానే జరుగుతాయి. వెళ్లి వెనక వరసలో కూర్చోండి. సాక్షిని ప్రశ్నిస్తున్నప్పుడు ప్రతి ప్రశ్నా రాసుకుని, ఇది ఎందుకు అడిగారు అని పక్కన రాయండి. జడ్జి ఎక్కడ విసుక్కున్నారు, ఎక్కడ ముందుకు వంగి విన్నారు, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. రోజూ వస్తుంటే పదిమంది ముఖాలు తెలుస్తాయి, వాళ్లకి మీ ముఖం తెలుస్తుంది. నాకు మొదటి పని దొరికింది అలాగే. ఒక సీనియర్ వాయిదాకి తన జూనియర్ రాలేదని ఫైలు పట్టుకోమని అడిగారు, మధ్యాహ్నానికి ఆ ఫైల్లో తేదీల పట్టిక రాసి ఇచ్చాను, రేపు కూడా రా అన్నారు.

మీ పని చూసినవాళ్లని వదులుకోకండి. పాత ప్రొఫెసర్, ఇంటర్న్‌షిప్ చేసిన చోటి సీనియర్, లీగల్ ఎయిడ్‌లో కలిసి పనిచేసినవాళ్లు. వాళ్లకి ఉద్యోగం ఉంటే చెప్పండి అని రాస్తే వాళ్ల దగ్గర లేదు కాబట్టి ఇబ్బందిపడి జవాబివ్వరు. "నేను కార్మిక చట్టం వైపు వెళ్లాలనుకుంటున్నాను, మీరు మొదట్లో ఎలా మొదలుపెట్టారో ఇరవై నిమిషాలు అడగొచ్చా" అని రాయండి. వెళ్లండి, వినండి, ఇంకెవరితో మాట్లాడితే మంచిదో అడిగి రండి. రెండు నెలల తర్వాత వాళ్ల సలహాతో ఏం చేశారో రెండు వాక్యాలు రాయండి. ఈ చివరిది దాదాపు ఎవరూ చేయరు, అందుకే గుర్తుంటుంది.

వెతికే తలుపులు కూడా పెంచండి. పెద్ద ఫర్మ్ ఒక్కటే లా కాదు. ఒంటరిగా ప్రాక్టీసు చేసే సీనియర్ ఛాంబర్, కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్, ప్రాసిక్యూషన్, లీగల్ ఎయిడ్, జడ్జిల దగ్గర రీసెర్చ్ పని, కంప్లయన్స్ (కంపెనీ చట్టాలు, నియమాలు పాటిస్తోందో చూసే పని), కాంట్రాక్టుల పరిశీలన, లా పత్రికలు. మొదటి ఉద్యోగం జీవితాంతం చేసే ఉద్యోగం కాదు, ఒకచోట మొదలుపెట్టి ఇంకోచోటికి మారినవాళ్లు ఈ వృత్తిలో కోకొల్లలు.

జీతం లేని పని గురించి ఒక మాట. ఓకానర్ చేశారు కదా అని ఎవరి దగ్గరైనా ఏళ్ల తరబడి ఉచితంగా చేయొద్దు. ఆవిడకి అక్కడ అసలైన న్యాయవాది పని ఇచ్చారు, కొద్ది కాలానికే జీతం వచ్చే పదవి వచ్చింది. మీరు చేరేముందే అడగండి: ఎన్ని నెలలు, ఏ పని నేర్పుతారు, తర్వాత ఏంటి. మూడు నెలలు గడిచినా ఫైళ్లు మోయడం, ఫొటోకాపీలు తీయడమే అయితే మర్యాదగా సెలవు తీసుకోండి. ఇంట్లో డబ్బు అవసరం ఉంటే లాకి సంబంధం లేని పని పట్టడానికి సిగ్గుపడకండి, ట్యూషన్ చెప్పినా, అనువాదం చేసినా, కౌంటర్ దగ్గర కూర్చున్నా. కడుపు నిండుతుంటే ఇంటర్వ్యూలో గొంతు స్థిరంగా ఉంటుంది.

ఇల్లు, మనసు

ఇంట్లో రోజూ ఏమైంది అని అడుగుతుంటే, అది ప్రేమతో అడిగినా సరే, ప్రతిసారీ ఒక విచారణలాగా ఉంటుంది. దానికి నాకు పనిచేసింది ఒకటే: నేనే ఒక రోజు పెట్టాను. ఆదివారం సాయంత్రం నా షీట్ తెరిచి ఈ వారం ఏం పంపాను, ఏం వచ్చింది, వచ్చే వారం ఏం చేస్తాను అని పది నిమిషాలు చెప్పేదాన్ని. మిగతా రోజుల్లో అడగొద్దని బతిమాలాను. అమ్మ రెండు వారాలు మర్చిపోయి అడిగింది, తర్వాత మానేసింది. నేను పని చేస్తున్నానని కళ్లకి కనిపించాక వాళ్ల భయం తగ్గింది.

క్లాస్‌మేట్స్ ఆఫర్లు వచ్చాయని పోస్టులు పెడుతుంటే వాళ్లని కొన్నాళ్లు మ్యూట్ చేయండి. వాళ్ల మీద కోపం ఉందని కాదు. మీ మెయిల్ వచ్చిన రోజే వాళ్ల ఫొటో చూడాల్సిన అవసరం లేదు, అంతే.

నిద్ర పట్టకపోవడం, తిండి మీద ఇష్టం లేకపోవడం, ఇష్టమైన పని కూడా బరువనిపించడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే అది ఉద్యోగం వెతుక్కోవడంలో ఉండే మామూలు అలసట అని కొట్టిపారేయకండి, డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ గంటలోనే దగ్గరి మనిషికి చెప్పండి, ఆస్పత్రికి వెళ్లండి. ఈ వృత్తిలో బలంగా కనపడాలన్న ఒత్తిడి ఎక్కువ, అందుకే ఎవరూ చెప్పరు. అమెరికాలో 12,825 మంది లాయర్ల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 28 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 19 శాతం మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి, మద్యం సమస్య ప్రాక్టీసులో మొదటి పదేళ్లలో ఉన్నవాళ్లలోనే అన్నిటికంటే ఎక్కువ. వీళ్లంతా ఉద్యోగం ఉన్నవాళ్లే. కాబట్టి ఆఫర్ వస్తే అన్నీ సర్దుకుంటాయని మనసు సంగతి వాయిదా వేయకండి, ఇప్పుడు నేర్చుకున్న నిద్ర, నడక, చెప్పుకునే అలవాటు తర్వాత కూడా కావాలి.

మళ్లీ అదే చోటుకి

ఒకసారి తేలిపోయిన వివాదాన్ని అదే పక్షాలు మళ్లీ తేకూడదన్న నియమం, రెస్ జుడికాటా, ఉద్యోగాలకి వర్తించదు. వద్దన్న చోటుకే ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ దరఖాస్తు చేయొచ్చు, వాళ్లే ఇంత కాలం ఆగాలని నియమం పెట్టి ఉంటే అది చూసుకోండి. పాత కాగితమే పంపొద్దు. గతంలో దరఖాస్తు చేశానని దాచకుండా ఒక వాక్యంలో చెప్పి, అప్పటి నుంచి ఏం కొత్తగా చేశారో రాయండి. అదే సీవీకి తేదీ మార్చి పంపితే మాత్రం అదే జవాబు వస్తుంది.

ఇక ఒక రోజు ఆఫర్ వస్తుంది. సంతోషంలో ఒక పని మర్చిపోతాం. సంతకం చేసిన రోజే మిగతా చోట్ల, ఇంటర్వ్యూ పిలుపు పెండింగ్‌లో ఉన్న ప్రతి ఆఫీసుకీ, నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను అని రాయండి. మీ పేరు ఆ జాబితాలో ఉన్నంతసేపూ రెండో స్థానంలో ఉన్న ఇంకెవరో పొద్దున లేచి మెయిల్ బాక్స్ తెరిచి చూసుకుంటూ ఉంటారు.